పిన్నుల వెనుక పీనుగు

విరాటరాజు కన్యకలకు నాట్యము నేర్పించుటకై కట్టించిన నర్తనశాల పగలెల్ల గజ్జెల సవ్వడితోను బృహన్నల మందలింపులతోను కలకలలాడి, ప్రొద్దు గ్రుంకగానే ఎవరి యిండ్లకు వారు వెడలిపోగా నిర్జనమగుచుండెను గనుకనే, కీచకుని కడతేర్చుటకు భీమసేనుడు ఆ తావును ఏరుకొనెను. దివిటీలు పట్టుకొని పరుగెత్తి వచ్చిన కావలివారికి అచట కనబడినది మనుష్యదేహము కాదు, మాంసపు ముద్ద. కాలేది, చేయేది, తలయేది యని వారు వెదకికొనవలసి వచ్చెను. వినోదమునకై కట్టిన కట్టడము దీపములు వెలుగుచున్నంతసేపు ఒక ముఖమును, ఆర్పిన పిదప వేరొక ముఖమును చూపునని మన కవులకు ఏనాడో తెలియును. అమెరికా టెలివిజన్ రచయితలు విరాటపర్వము చదివియుందురని నేననుకొనను గాని, 2011 మే 19వ తేదీ రాత్రి ఫాక్స్ ఛానెల్‌లో ప్రసారమైన ‘బోన్స్’ ధారావాహిక ఆరవ సీజన్ తుది ఎపిసోడ్‌ను చూచిన తెలుగువానికి కీచకుడు జ్ఞప్తికి రాక మానడు.

ఆ ఎపిసోడ్ పేరు ‘ది చేంజ్ ఇన్ ద గేమ్’. కూలిన పిన్నులను ఏరి మరల నిలబెట్టు యంత్రములో నలిగి ఛిద్రమైన ఒక మనుష్యుని అవశేషములు బౌలింగ్ శాలలో బయటపడుటతో కథ మొదలగును. మృతుడు ఆ శాలలోనే లీగు పందెములాడువాడు. అతనితో ఆడినవారు, అతనిచే ఓడినవారు, అతనిని ఏవగించుకొన్నవారు అందరును వారము వారము అక్కడనే చేరుచుందురు. కనుక హంతకుడు ఎక్కడనో లేడు. ఆ చెక్క నేల మీదనే, ఆ అద్దె బూట్లతోనే నడచుచున్నాడు.

ఈ ధారావాహికను ఎరుగనివారికి దాని పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పవలెను. కాథీ రైక్స్ అను విదుషి అస్థిశాస్త్రవేత్త. మాంట్రియల్ నగరములోని నేరపరిశోధక ప్రయోగశాలలో గుర్తుపట్టరాని శవముల యెముకలను పరిశీలించి, అవి ఎవరివో, ఎట్లు మరణించిరో తేల్చుట ఆమె వృత్తి. ఆ యనుభవమును ఆధారము చేసికొని 1997లో టెంపరెన్స్ బ్రెన్నన్ అను కథానాయికతో ఆమె నవలలు వ్రాయ నారంభించగా, హార్ట్ హాన్సన్ అను రచయిత ఆ పాత్రను, ఆ నవలలకంటె రైక్స్ జీవితమునే ఎక్కువగా అనుసరించి, 2005 సెప్టెంబరులో టెలివిజన్‌కు తెచ్చెను. 2017 మార్చి వరకు పన్నెండు సీజన్లు, 246 ఎపిసోడ్లు నడచిన ఆ ధారావాహికలో ఎమిలీ డెషనెల్ ధరించిన బ్రెన్నన్ పాత్ర తానును నవలలు వ్రాయును. ఆ నవలల నాయిక పేరు కాథీ రైక్స్. అద్దములో అద్దమును చూపు ఈ కొంటెతనము ఆ ధారావాహిక స్వభావమును పట్టి యిచ్చును: శవము ఎంత బీభత్సముగా నుండునో, దాని చుట్టును నిలుచున్నవారి సంభాషణ అంత చమత్కారముగా నుండును. బ్రెన్నన్‌కు జోడుగా ఎఫ్‌బీఐ ఉద్యోగి సీలీ బూత్; ఆ వేషమును డేవిడ్ బొరియానజ్ ధరించెను. ఆమె ఎముకలను చదువును, అతడు మనుష్యులను చదువును.

బౌలింగ్ శాలను మన నగరములలోని మాల్స్‌లో చూచినవారు చాలమంది కలరు గాని, వారు చూచినది దాని ముందరి భాగమును మాత్రమే. పాదరేఖ నుండి మొదటి పిన్ను వరకు అరువది అడుగుల దూరము. ముప్పదితొమ్మిది పలకలు ప్రక్క ప్రక్కన పేర్చిన వెడల్పు. నూనె పూసిన నున్నని నేల. ఆ కొసను పదిహేనంగుళముల పొడవు గల పది పిన్నులు త్రికోణముగా నిలిచియుండును. పదునారు పౌన్ల వరకు బరువు గల బంతి పోయి వానిని తాకగానే భళ్లుమను ధ్వని, ఒక తెర దిగుట, క్షణములలో పిన్నులన్నియు ఏమియు జరుగనట్లు మరల నిలుచుట. ఈ యింద్రజాలమంతయు నడుపునది తెర వెనుకనున్న యంత్రశాల. అచట బంతిని ఒక మెత్తని దిండు ఆపును. నేలగా నున్న పట్టీ పిన్నులను వెనుకకు లాగికొనిపోవును. ఎత్తుచక్రము వానిని పైకి చేర్చును. పంపిణీ చేయి ఒక్కొక్క పిన్నును దాని దాని గూటిలో పడవేయును. ఊడ్పుకమ్మి మిగిలినవానిని త్రోసివేయును. పిమ్మట ఒక ఇనుప బల్ల క్రిందికి దిగి పదింటిని ఒక్కసారిగా నిలబెట్టి పోవును. పట్టీల రొద, గొలుసుల రాపిడి, గ్రీజు వాసన. చేయి జారినచో వ్రేళ్లు పోవునని మెకానిక్కులు ఎరుగుదురు. ముందర కూర్చుండి శీతలపానీయము త్రాగువారికి ఇదేమియు కనబడదు. నేరకథకునకు ఇంతకంటె అనువగు రంగస్థలము ఎక్కడ దొరకును? తెర ముందర పాట, తెర వెనుక కోరలు గల యంత్రము.

ఆ కోరలు రాకపూర్వము తెర వెనుక కూర్చుండినవారు పసివాండ్రు. పిన్ బాయ్‌లని పేరు గల ఆ కుర్రవాండ్రు గుంతకు పైనున్న అరుగుపై కాళ్లు ముడుచుకొని కూర్చుండి, బంతి వచ్చి పిన్నులు చెదరగానే క్రిందికి దుమికి, వానిని చేతులతో నిలబెట్టి, బంతిని వాలుబాట మీద వెనుకకు దొరలించి, తరువాతి బంతి తాకకముందే పైకెక్కవలెను. ఎగిరిన పిన్ను మోకాలికి తగులుట నిత్యవ్యవహారము. 1908 మొదలుకొని జాతీయ బాలకార్మిక సంఘము పక్షమున ఊరూర తిరిగిన లూయిస్ హైన్ అను ఛాయాచిత్రకారుడు గనులలోని పిల్లలతో పాటు, పత్తిమిల్లులలోని పిల్లలతో పాటు, అర్ధరాత్రి దాక పిన్నులు నిలబెట్టు ఈ పిల్లలను కూడ చిత్రించి దేశమునకు చూపెను. ఆ చిత్రములలో వరుసగా నిలిచిన బాలుర ముఖములను చూచినవారికి ఆ ఆట మీద మునుపటి మమకారము నిలువదు. గాట్‌ఫ్రీడ్ ష్మిట్ అను యంత్రకారుడు కల్పించిన స్వయంచాలక యంత్రమును, సిగరెట్లు చుట్టు యంత్రములకు పేరుపడిన అమెరికన్ మెషిన్ అండ్ ఫౌండ్రీ కంపెనీ కొని, 1946లో బఫలో నగరములో ప్రదర్శించి, 1952 నాటికి వ్యాపారమునకు దింపెను. పిల్లలు గుంతలోనుండి బయటపడిరి. ఆట అర్ధరాత్రి దాటియు సాగెను. ఊరూర శాలలు వెలసెను. ఎపిసోడ్‌లో శవమును నలిపిన యంత్రము ఈ వంశములోనిదే.

ఇక శవమును గూర్చి. యంత్రము నలిపిన దేహమును పెట్టి ఎముకల పండితురాలికి రచయితలు పెట్టిన పరీక్ష నిజముగా కఠినమైనది, నేను ఈ ఎపిసోడ్‌ను ఆదరించుటకు మొదటి కారణము అదే. మనుష్యుడు బ్రదికియున్నపుడు ఎముకలో తేమయు, సాగు గుణమును ఉండును; అపుడు తగిలిన దెబ్బకు అది పచ్చి కొమ్మవలె వంగి, చీలి, ఏటవాలుగా విరుగును. మరణించి ఎండిన పిదప విరిగినచో అంచులు మొండిగా, పెళుసుగా, వేరొక వర్ణముతో నుండును. మానుచున్న గుర్తులున్నచో గాయము చావునకు చాల ముందటిది. లేనిచో చావునాటిదో, తరువాతిదో. చిక్కంతయు ఈ చివరి మాటలోనే కలదు. ప్రాణము పోయిన గంటకో, రెండు గంటలకో ఎముక ఎండిపోదు. దినముల తరబడి, వాతావరణము చల్లగా నున్నచో వారముల తరబడి, అది పచ్చిగానే యుండును. కావున హంతకుడు కొట్టిన దెబ్బయు, కొద్దిసేపటికి యంత్రము వేసిన విరుపును ఒకే పోలికతో కనబడవచ్చును. ఏది ప్రాణము తీసినది, ఏది పీనుగును నలిపినది యని విడదీయుట మహాపండితులకును శక్యము కాకపోవచ్చును. బ్రెన్నన్‌కు మాత్రము శక్యమే. ఆమె ఎముకను దీపము క్రింద త్రిప్పి చూచును, సహాయకురాలైన ఏంజెలా కంప్యూటర్ తెర మీద దెబ్బ పడిన తీరును పునర్నిర్మించును, నలువది నాలుగు నిమిషములు నిండులోపల నిందితుడు దొరకును.

ఈ నిశ్చయత్వము మీద 2009లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ ఒక పెద్ద నివేదికలో నీళ్లు చల్లినది. కణకేంద్రములోని డీఎన్‌ఏ పరీక్షను మినహాయించినచో, దొరికిన సాక్ష్యమును ఫలానా వ్యక్తితోనే ముడివేయగల సామర్థ్యము మరి యే పద్ధతికిని కఠిన పరీక్షలో ఋజువు కాలేదని ఆ పండితులు తేల్చి చెప్పిరి. వెండ్రుకలు, పండ్లగాట్లు, బూటుజాడలు అన్నియు సందేహము పాలయ్యెను. టెలివిజన్ ఆ నివేదికను చదువలేదు. చదివియుండినచో నేరకథ యనునది మిగులునా యనునది వేరు ప్రశ్న. కొమ్మూరి సాంబశివరావు నవలలలో డిటెక్టివ్ యుగంధర్ చివరి పుటలలో “సాక్ష్యము చాలదు” అని చేతులెత్తివేసియుండినచో ఆ నవలలను మన రైలు ప్రయాణములలో ఎవరు చదివియుందురు?

ఎపిసోడ్ మధ్యభాగము ప్రహసనము. బౌలర్ల గుంపులో చొరబడుటకై బూత్, బ్రెన్నన్ ఇరువురును బక్, వాండా మూస్‌జా అను మారుపేర్లతో వేషములు వేసికొని లీగులో చేరుదురు. ఈ జంట ప్రేక్షకులకు క్రొత్త కాదు. 2009లో ఒక సర్కస్ కంపెనీలోని హత్యను ఛేదించుటకై వారు ఈ వేషములనే వేసి, కత్తులు విసరు విద్యను ప్రదర్శించియుండిరి. బ్రెన్నన్ యథార్థవాది, లోకమర్యాద ఎరుగక, ఉన్నదున్నట్లు చెప్పి ఎదుటివారిని నొప్పించు మనిషి. అట్టి మనిషి వాండాగా మారగానే గొంతు పెంచి, నడక మార్చి, గొప్పలు చెప్పుకొనుచు ఆనందమున ఓలలాడును. అజ్ఞాతవాసములో భీముడు వలలుడను పేరిట వంటయింట గరిటె త్రిప్పుచు పొందిన సుఖము వంటిదే యిదియును. బ్రెన్నన్ తండ్రి మాక్స్ కూడ వారికి తోడు వచ్చును. పూర్వాశ్రమమున బ్యాంకులు దోచినవాడు, పేరు మార్చుకొని బ్రదికినవాడు, బిడ్డలను విడిచి పారిపోయినవాడు. ఆ వేషధారి 1970 నాటి ‘లవ్ స్టోరీ’ చిత్రనాయకుడైన ర్యాన్ ఓ నీల్. మాక్స్ బంతి విసరుటలో చేయితిరిగినవాడు. శాస్త్రవేత్తయైన కూతురు బంతి గమనమును గణితముతో సాధింప జూచుచుండగా, నేరస్థుడైన తండ్రి మణికట్టుతో సాధించును. వీరిద్దరి నడుమనున్న పాతగాయము ఆ ఆటలో కొంత మానుచున్నట్లు తోచును. దర్శకుడు దానిని మాటలలో పెట్టక పోవుట మెచ్చదగినది.

లీగనునది అమెరికా కార్మికవర్గపు సంఘజీవనములో ఒక ముఖ్యాంగము. జేబు మీద పేరు కుట్టిన చొక్కాలు, కర్మాగారము పేరో, మంగలి దుకాణము పేరో వీపున ధరించిన జట్లు, ప్రతి మంగళవారమో, గురువారమో తప్పని హాజరు. 1895లో ఏర్పడిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఈ ఆటకు నియమములు కట్టినది. ఆ నియమములలో సభ్యత్వము తెల్లజాతి పురుషులకే యను నిబంధన కూడ ఉండి, కార్మిక సంఘములు, నల్లజాతి హక్కుల సంస్థలు పోరాడిన మీదట 1950లో గాని తొలగలేదు. తరువాత 1980కిని 1993కిని నడుమ బౌలింగ్ ఆడువారి సంఖ్య పదిశాతము పెరుగగా, లీగులలో ఆడువారు మాత్రము నలువది శాతము తగ్గిరని రాబర్ట్ పుట్నమ్ అను రాజనీతిశాస్త్రజ్ఞుడు ఎత్తిచూపి, ‘బౌలింగ్ అలోన్’ అను గ్రంథమును 2000లో ప్రకటించెను; జనులు ఆడుచునే యున్నారు, కూడి ఆడుట మానిరి యని అతని బాధ. ఆ లెక్కను మనసునందుంచుకొని ఎపిసోడ్‌ను చూచినచో చిత్రమైన విషయము ఒకటి స్ఫురించును: ఆ శాలలో మృతుని పేరు, అలవాట్లు, అప్పులు, వైరములు అందరికిని తెలియును. కూడి ఆడినవారిలోనే చంపునంతటి కక్ష పుట్టినది. ఒంటిగా ఆడువానిని ఎవరు పనికట్టుకొని చంపుదురు?

సినిమా ఈ స్థలమును టెలివిజన్‌కంటె ఎంతో ముందే కనుగొన్నది. 1932 నాటి హోవర్డ్ హాక్స్ చిత్రము ‘స్కార్‌ఫేస్’లో బోరిస్ కార్లాఫ్ ధరించిన గాఫ్నీ అను ముఠానాయకుడు బంతి విసరిన క్షణముననే తుపాకీ ప్రేలును. కెమెరా అతనిని చూడదు. బంతి వెంట పోవును. బంతి పిన్నులను కూల్చును. ఒక్క పిన్ను మాత్రము పడక గిరగిర తిరిగి, తూలి, నిలువ జూచి, కడకు ఒరిగిపోవును. ఒక్క రక్తపు చుక్కయు చూపక హత్యను ఇంత పూర్ణముగా చూపిన దృశ్యములు అరుదు. యంత్రమున నలిగిన దేహమును కన్నార చూపు ‘బోన్స్’ దాని ముందు మొరటుగా కనబడును. ఆ చిత్రము వచ్చిన నాలుగేండ్లకు, 1936 ఫిబ్రవరి 15న అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, జాక్ మెక్‌గర్న్ అను షికాగో ముఠావాడు నిజముగానే ఒక బౌలింగ్ శాలలో కాల్చివేయబడెను. 1929 నాటి వాలెంటైన్ దినపు మారణకాండకు సూత్రధారి యని అనుమానింపబడినవాడు అతడు. చంపినవారు అక్కడ ఒక హాస్యపు వాలెంటైన్ కార్డును వదలిపోయిరి. 2007లో వచ్చిన ‘దేర్ విల్ బి బ్లడ్’ చిత్రములో చమురు వ్యాపారి ప్లెయిన్‌వ్యూ తన మేడ అడుగున కట్టించుకొన్న బౌలింగ్ శాలలో మతబోధకుని పిన్నుతోనే మోది చంపును. ఆ దృశ్యమును తీసిన బెవర్లీ హిల్స్‌లోని గ్రేస్టోన్ భవనములో 1929లో ఆ యింటి యజమానియు, అతని కార్యదర్శియు తుపాకిగుండ్లకు బలియై పడియుండిరి. కల్పన, నిజము ఈ స్థలములో ఒకదానినొకటి తరుముకొనుచున్నవి.

నిజమును గూర్చి చెప్పునపుడు న్యూ మెక్సికో రాష్ట్రములోని లాస్ క్రూసెస్ పట్టణమును దాటిపోరాదు. 1990 ఫిబ్రవరి 10, శనివారము ఉదయము, శాల ఇంకను తెరువకముందే ఇద్దరు దుండగులు లోపలికి వచ్చి, కార్యాలయములో నున్న ఏడుగురిని, పసిబిడ్డలతో సహా, నేలమీద పడుకొనబెట్టి కాల్చి, కొన్ని వేల డాలర్లు తీసికొని, గదికి నిప్పుపెట్టి పోయిరి. నలుగురు మరణించిరి; వారిలో ముగ్గురు పిల్లలు. అనేక గుండ్లు తగిలిన పండ్రెండేండ్ల బాలిక ఒకతె పొగలోనుండియే టెలిఫోన్ చేసి సహాయమును పిలిచినందున మిగిలినవారు బ్రదికిరి. దుండగుల ముఖములను చూచినవారు బ్రదికియున్నారు; చిత్రములు గీయించిరి; వేలకొలది సమాచారములను పరిశోధించిరి. వారెవరో ఇంతవరకు తేలలేదు. అచట యంత్రము లేదు, వేషధారణ లేదు, ఎముకల పండితురాలి అవసరమే లేదు. కన్నులతో చూచిన సాక్షులుండియు నేరము తెరచిన దస్త్రముగానే నిలిచిపోయినది. ఇట్టిది జరిగిన దేశములోనే, ముద్దయైపోయిన శవము సహితము నలువది నాలుగు నిమిషములలో తన హంతకుని పేరు చెప్పివేయు కథ వారము వారము ఎందుకు కావలసి వచ్చినదో ఊహించుట కష్టము కాదు.

అయితే ‘ది చేంజ్ ఇన్ ద గేమ్’ రచయితల మనస్సు హంతకుని మీద లేదు. అది వారి బలమును, దోషమును కూడ. దర్యాప్తు సాగుచుండగానే ఏంజెలాకు నొప్పులు వచ్చును. ఆమెయు, భర్త హాడ్జిన్స్ ఇరువురును పుట్టుగ్రుడ్డితనమును కలిగించు జన్యువును మోయుచున్నవారు. కావున బిడ్డకు చూపు లేకపోవుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదని వారికి ముందే తెలియును. బిడ్డ కన్నులు చక్కగా కనబడునని తెలిసిన క్షణమున బౌలింగ్ శాల, పిన్నులు, మృతుడు అందరును ప్రేక్షకుని తలపు నుండి తొలగిపోవుదురు. బిడ్డ పేరులో విన్సెంట్ అను మాట చేర్చుదురు. ముందు వారపు ఎపిసోడ్‌లో దూరమునుండి వచ్చిన తుపాకిగుండుకు బలియైన యువ సహాయకుని పేరది. ఆ యువకుడు మరణించిన రాత్రియే బ్రెన్నన్ దుఃఖము పట్టలేక బూత్ గదికి పోయినది. ఆసుపత్రి నుండి ఇద్దరును నడచి వచ్చుచు పిల్లలను గూర్చి మాటలాడుకొనుచుండగా, తాను గర్భవతిననియు, బిడ్డకు తండ్రి అతడేననియు ఆమె శాస్త్రవిషయమును నివేదించినట్లు నివేదించును. బూత్ ఏమియు మాటలాడడు. ఆతని ముఖమున చిరునవ్వు మెల్లమెల్లగా విరియుటతో సీజన్ ముగియును. ఆరేండ్లు ప్రేక్షకులు ఎదురుచూచిన ప్రణయమును తెరపై చూపక, దాని ఫలమును మాత్రము చూపుట సాహసమే. దానికి లౌకికమైన కారణము కూడ లేకపోలేదు, ఎమిలీ డెషనెల్ ఆనాటికి నిజముగానే గర్భవతి. ఆ నవంబరులో మొదలైన ఏడవ సీజన్ ఆమె ప్రసవమును బట్టియే పదమూడు ఎపిసోడ్లకు కుదింపబడెను.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. కీచకుడు చచ్చిన పిదప వ్యాసుడు గాని, తిక్కన గాని అతనిని అంతటితో వదలివేయలేదు. నూటయేవురు ఉపకీచకులు వచ్చి ఏడ్చిరి, పగబట్టిరి, వారును చచ్చిరి, విరాటుని కొలువు వణకెను. బౌలింగ్ శాలలోని మృతునికి ఏడ్చువారు ఎవరును లేరు. అతడు చివరి దృశ్యమునకు మనలను చేర్చు మెట్టు మాత్రమే. నేరకథలలో ఇది సర్వసాధారణమే గాని, తండ్రీకూతుళ్లను ఒక్క ఆటతో ఇంత సున్నితముగా దగ్గర చేయగలిగిన రచయితలు మృతుని పక్షమున రెండు నిమిషములు కేటాయింపలేకపోయిరా యని అడుగ బుద్ధి పుట్టును.

చూడదలచినవారు ముందు వారపు ‘ది హోల్ ఇన్ ద హార్ట్’ను తప్పక చూచి మరి దీనిని చూడవలెను, లేనిచో బూత్ చిరునవ్వునకు అర్థము తెలియదు. మొదటి అయిదు నిమిషములను మాత్రము భోజనము ముందరనుంచుకొని చూడరాదు.